నాయినకు నిద్ర కరువైన ఏడు, అమ్మ పెట్టిన చాయ్

మా చిన్నతనంలో నాయిన ఇంట్లో పడుకున్న రాత్రులు చాలా తక్కువ... గొర్రెల మంద ఎక్కడుంటే ఆయనా అక్కడే. కోతలైన చేన్లలో మందను ఆపి, గొంగడి కప్పుకుని, కర్ర పక్కన పెట్టుకుని అక్కడే పడుకునేవాడు.

జడ్చర్ల దగ్గర పల్లె మాది. తెలంగాణ వచ్చాక రెండో ఏడో మూడో ఏడో... నేను నాలుగో తరగతి. ఆ ఏడు వానలు తెరిపి లేకుండా పడ్డాయి. వానల వెనకే రోగం వచ్చింది. గొర్రెల మూతులు వాచిపోయాయి, నాలుకలు నీలంగా మారాయి. మేత ముట్టవు. నాయిన ఒక్కొక్కదాని నోరు తెరిచి వేలితో జావ పెట్టేవాడు. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు. అయినా ఆగలేదు. పొద్దున లేచి చూస్తే దొడ్డిలో కొన్ని పడి ఉండేవి...

చివరికి మిగిలిన వాటిని, పాలిచ్చే మేకలతో సహా అమ్మేశాడు. వాటిని చూస్తూ ఉండలేక.

అప్పటినుంచి నాయిన ఇంట్లోనే. కానీ నిద్ర లేదు. నులక మంచం మీద అటూ ఇటూ పొర్లేవాడు.

"జర కండ్లు మూసుకోరాదు" అనేది అమ్మ.

"సప్పుడు లేదు గదనే... సప్పుడు లేకుంటే ఊపిరాడ్తలేదు."

గిట్టల చప్పుడు, గొర్రెల దగ్గు వింటూ నిద్రపోయే మనిషి... ఆ నిశ్శబ్దంలో ఆయనకు కన్ను మూతపడేది కాదు.

అప్పుడు అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. మేకలు పోయాక ఇంట్లో పాలెక్కడివి... చిన్న సర్వలో నీళ్ళు, చాయ్‌పత్తి, ఇంత బెల్లం, దంచిన అల్లం. ఆ వాసనకు నాకూ మెలకువ వచ్చేది. ఆయన గిలాసను రెండు చేతుల్లో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అమ్మ ఎదురుగా. నాకు సాసర్‌లో కొంచెం. గిలాస ఖాళీ అయ్యేసరికి నాయిన భుజాలు కాస్త దిగేవి. ఆ కాసేపు ఇల్లు ఇల్లులా ఉండేది.

ఒక రాత్రి అమ్మ నన్ను తట్టి లేపింది. మంచం ఖాళీగా ఉంది.

అమ్మ ముందు దొడ్డి వైపు పోలేదు. నా చెయ్యి పట్టుకుని సీదా బావి దగ్గరికి నడిచింది. టార్చి వెలుగు నీళ్ళ మీద వేసి చాలాసేపు చూసింది. నాయినను వెతకడానికి బావి దగ్గరికి ఎందుకొచ్చామో నాకప్పుడు అర్థం కాలేదు...

నాయిన ఖాళీ దొడ్డిలో ఉన్నాడు. తడి నేల మీద, గొంగడి కప్పుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని. అమ్మ ఏడవలేదు, కేకలేయలేదు. ఎప్పటిలాగే నా పేరుతో పిలిచింది.

"ఓ అనిత నాయినా... చాయ్ వెట్టిన. సల్లగైతది, రా."

"నువ్వు పండుకోరాదే. నాకోసం ఎందుకు లేస్తవ్?"

"నాకు తాగబుద్ధైంది. ఒక్కదాన్నే తాగాల్నా?"

నాయిన మెల్లగా లేచాడు. ఇంటికొచ్చి చూస్తే పొయ్యిలో నిప్పే లేదు. అమ్మ అప్పుడు వెలిగించింది. నాయిన అది చూశాడు... వచ్చి పొయ్యి పక్కనే కూర్చున్నాడు.

ఆ తర్వాత అమ్మ ఆయన మంచం పక్కనే నేల మీద పడుకునేది. తన కొంగు కొసను ఆయన గొంగడి కొసకు ముడి వేసుకుని.

మరుసటి ఎండాకాలం నాయిన జడ్చర్లలో ఒక మందుల కంపెనీకి రాత్రి కావలికి కుదిరాడు. "ఎట్లనూ నిద్ర వస్తలేదు గదా... గిట్లనన్న జీతమొస్తది" అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం అదే మొదటిసారి. పొద్దున బస్సు దిగి వచ్చి, చాయ్ తాగి, వాకిట్లో పిల్లల గోల, బండ్ల చప్పుడు వింటూ హాయిగా నిద్రపోయేవాడు.

కానీ అమ్మకు మాత్రం నిద్ర తిరిగి రాలేదు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు చదువుకుంటూ తల ఎత్తితే, వంటింట్లో ఒక్కతే గిలాస పట్టుకుని కూర్చుని కనిపించేది. "పండుకోవే అమ్మా" అంటే "నాకు అలవాటైంది బిడ్డా, నువ్వు సదువుకో" అనేది.

పోయినేడు అమ్మ వెళ్ళిపోయింది... గుండె నొప్పి అంది, దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

దినాలు అయ్యి చుట్టాలంతా పోయాక, ఆ రాత్రి నాయిన మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను లేచి బెల్లం, అల్లం వేసి చాయ్ పెట్టి ఇచ్చాను. గిలాస చేతిలో పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"గొర్లు వోయిన గా ఏడంత మీ అమ్మ ఎప్పుడు నిద్రపోయిందో ఏమో బిడ్డా... నేను ఒక్కనాడన్న అడగలె."

చాయ్ ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

ఇప్పుడు నాయిన, నేను హైదరాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మా ఊళ్ళోనూ, ఈ పట్నంలోనూ నిద్రపట్టని వాళ్ళకు కొదవేం లేదు... కాకపోతే ఎవరి అర్రలో వాళ్ళు, ఎవరి ఫోన్ వెలుగులో వాళ్ళు. పక్కన ఎవరు మేలుకుని ఉన్నారో ఎవరికీ తెలియడం లేదు.

మీకోసం ఎవరైనా అట్లా లేచి పొయ్యి వెలిగించారా? చెప్పండి, వింటాను... ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం నాకు చెప్పకముందే వెళ్ళి అడగండి, "రాత్రి నిద్రపట్టిందా" అని...