ఆ నవ్వు లోవలక్ష్మిది

లోవలక్ష్మి మొదటిసారి చనిపోయింది సైనిక్‌పురిలో, రామభద్రరావుగారి వంటింట్లో, మిట్టమధ్యాహ్నం.

రామభద్రరావుగారు మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక కింది వాటా ఖాళీగా పడి ఉండటమెందుకని టీవీ వాళ్ళకి షూటింగులకి ఇస్తుండేవారు. లోవలక్ష్మి ఆయన ఇంట్లో వంట చేసేది. ఆ రోజు ఒక న్యూస్ చానెల్ వాళ్ళు ‘ఆనవాలు’ అనే కార్యక్రమం తీస్తున్నారు. ఎక్కడో జరిగిన హత్యని మళ్ళీ జరిగినట్టు నటింపజేసి, వెనకాల ఒక బొంగురు గొంతు కథ చెప్పే కార్యక్రమం అది. శవంగా పడుకోవలసిన జూనియర్ ఆర్టిస్టు అమ్మాయి కృష్ణానగర్ నుంచి రాలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ దుర్గేష్ పొయ్యి దగ్గరున్న లోవలక్ష్మిని ఎగాదిగా చూశాడు.

“ఆంటీ, ఐదు నిమిషాలు పడుకుంటారా? ఊపిరి కొంచెం మెల్లగా తీసుకుంటే చాలు.”

ఐదు నిమిషాలని గంటన్నర పడుకోబెట్టారు. రక్తం కోసం చక్కెర పాకంలో రంగు కలిపి మెడ మీద పోస్తే, కాసేపటికి గోడ వారనుంచి చీమలు బారులు తీరి వచ్చాయి. చెవి వెనక కుడుతున్నా ఆమె కదల్లేదు. దుర్గేష్‌కి అది బాగా నచ్చింది. తర్వాత ఎక్కడ ఆడమనిషి హత్య తీసినా లోవలక్ష్మికే కబురు పెట్టేవాడు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, సన్నగా, చామనఛాయగా ఏ ఊరి ఇల్లాలంటే ఆ ఊరి ఇల్లాలిలా ఉండేది. ఏడాదిన్నరలో నూతిలో పడింది, ఉరికి వేలాడింది, ముళ్ళకంపల్లో దొరికింది.

మొగుడు పైడిబాబు కుషాయిగూడలో ఒక షెడ్డులో వెల్డింగ్ పని చేసేవాడు. నర్సీపట్నం వైపు నుంచి ఇద్దరూ వచ్చి కాప్రాలో ఒక గదిలో ఉండేవారు. అతనికి ఇది గిట్టలేదు.

“బతికున్న మనిషిని సచ్చినట్టు సూపిత్తే కీడు లచ్చిమీ. మానేసీ,” అన్నాడొకసారి.

ఆమె మానలేదు. ఎందుకు మానలేదో పైడిబాబుకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. అసలు సంగతి సీతారత్నంగారింట్లో ఉంది.

సీతారత్నంగారిది ఏ.ఎస్. రావు నగర్. భర్త వెంకటరత్నంగారికి పెయింట్ల దుకాణం. లోవలక్ష్మి ఉదయం పూట వాళ్ళింట్లో టిఫిన్లు చేసి పెట్టి, అక్కణ్ణుంచి సైనిక్‌పురి వెళ్ళేది. ‘ఆనవాలు’ బుధవారం వచ్చేది. గురువారం పొద్దున పార్కులో నడక ముగించుకుని ఆరేడుగురు ఆడవాళ్ళు సీతారత్నంగారి పోర్టికోలో చేరేవారు. కాఫీలు తాగుతూ ముందురోజు హత్యని విప్పి పరిచేవారు.

“నేను మొదటి బ్రేక్‌కే చెప్పేశాను, మరిదని. కళ్ళు చూడలేదూ వాడివి?”

“మరిది కాదండీ, అత్తగారు. తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయో గమనించలేదు మీరు.”

ఒక గురువారం సీతారత్నంగారు ఉప్మా పళ్ళెం అందుకుంటూ లోవలక్ష్మి ముఖంలోకి చూసి, “నువ్వే కదుటే రాత్రి బావిలో తేలింది?” అన్నారు. ఆ రోజు ఆమెకి కుర్చీ వేశారు. వాళ్ళందరి మధ్యా కూర్చోబెట్టి, నీళ్ళలో ఎలా తేలావు, కళ్ళు తెరిచి ఉంచితే మండలేదా, ఆ మొగుడు వేషం వేసినవాడు మంచివాడేనా అని అడిగారు. ఆమె చెబుతుంటే కాఫీ చల్లారిపోయినా ఎవరూ కదల్లేదు. పదకొండేళ్ళుగా ఇళ్ళల్లో పని చేస్తున్న మనిషికి, తను మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని వినడం అదే మొదలు. ఆ కుర్చీ కోసం ఎన్నిసార్లయినా చావొచ్చుననిపించింది.

రెండువేల ఆరు నవంబరులో కాప్రాలోనే ఒక హత్య జరిగింది. చనిపోయిన అమ్మాయి స్వరూప. కాల్‌సెంటర్లో చేసేది. సాయంత్రం సుమో వచ్చి తీసుకెళ్ళేది, తెల్లారాక దింపేది. ఇద్దరి జీతాలూ ఉంటే గాని గడవని రోజుల్లో ఉద్యోగానికి పంపిన మొగుడే తర్వాత అనుమానం పెంచుకున్నాడన్నారు. ఒక ఆదివారం పొద్దున కూతుర్ని చూద్దామని వచ్చిన తల్లికి స్వరూప వంటింట్లో చనిపోయి కనిపించింది. మొగుణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు.

మూడు వారాలకి దుర్గేష్ వచ్చాడు. “ఆంటీ, ఈసారి మీకు డైలాగ్ కూడా ఉంది,” అన్నాడు.

లోవలక్ష్మి సంతోషానికి అంతులేదు. ఇన్నిసార్లు చచ్చినా ఎప్పుడూ నోరు విప్పి మాట్లాడింది లేదు. ఎర్ర నైటీ ఇచ్చారు. మంచం మీద బోర్లా పడుకుని, సెల్‌ఫోన్ చెవికి ఆనించి, సుమో డ్రైవరుతో మాట్లాడుతూ నవ్వాలి. తలుపు సందులోంచి మొగుడు చూస్తాడు. మొదటిసారి నవ్వు చాలలేదన్నారు. మూడోసారి ఒళ్ళు మరిచి నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నైటీ మార్చుకుంటూ అడిగింది. “ఆ అమ్మాయి నిజంగానే అలా మాట్లాడిందా బాబూ?”

“ఎవరికి తెలుసు ఆంటీ? వాడు ఎందుకు చంపాడో చూపించాలి కదా. లేకపోతే అరగంట ఎలా నడుస్తుంది?”

అది టీవీలో వచ్చిన మర్నాడు, గురువారం, పోర్టికో కిటకిటలాడింది. తమ పేటలోనే జరిగిన హత్య, తమ లోవలక్ష్మే హతురాలు.

“చంపడం తప్పే అనుకోండి. కానీ అలా నవ్వితే ఏ మొగుడికి మండదు?” అన్నారు సీతారత్నంగారు.

“రాత్రి ఉద్యోగాలంటేనే నాకు నచ్చవు,” అంది కాంతమణి. ఆవిడ టీచరుగా చేసి మానేసిన మనిషి. ఆ గుంపులో అందరికన్నా సూక్ష్మంగా ఆలోచించేది తనేనని పేరు. “లోవా, ఏదీ, ఆ నవ్వు ఒక్కసారి నవ్వవే.”

లోవలక్ష్మి నవ్వింది. కుర్చీలో కూర్చుని, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, అచ్చం అలాగే నవ్వింది. అందరూ పడీ పడీ నవ్వారు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆమె గది ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో గుడ్డ సంచి. కొళాయి దగ్గరివాళ్ళని అడుగుతూ ఇల్లు కనుక్కుని వచ్చింది.

“నువ్వేనా బిడ్డా, టీవీల నా బిడ్డ లెక్క ఏసింది?”

లోవలక్ష్మి లోపలికి రమ్మని చాప వేసింది. ఆవిడ శారదమ్మ, స్వరూప తల్లి. తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది. ఆవిడ మంచినీళ్ళు తాగి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“టీవీల నువ్వు పడ్డట్టు గట్ల మొఖం పైకి పెట్టి ఎల్లెలుకల పడలే నా బిడ్డ,” అంది చివరికి. “ఒక పక్కకు ఒత్తిగిల్లి ఉండె. చేతులకు చపాతి పిండి అంటుకోని ఉండె. నేనే కడిగిన. పోలీసోళ్ళు కడగద్దన్నరు గాని, నేను అప్పటికే కడిగిన.”

లోవలక్ష్మి తల వంచుకుంది.

“గా ఎర్ర నైటీ ఏడికెళ్ళి తెచ్చిన్రు?”

“ఆళ్ళే ఇచ్చారమ్మా.”

“దానికి ఫోనే లేకుండె బిడ్డా. రెండు నెలల ముందే మొగడు గోడకేసి కొట్టి పలగ్గొట్టిండు. బండి లేటైతే గా డ్రైవర్ పిలగాడు కిరాణ కొట్టుకు ఫోన్ చేసి చెప్తుండె. ఫోన్ లేని మనిషి ఫోన్ల ఎట్ల నవ్వుతది?”

శారదమ్మ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బావుండేదని లోవలక్ష్మి తర్వాత పైడిబాబుతో అంది.

“మనవరాలు నా దగ్గర్నే ఉంది. రెండో తరగతి. బడిల పోరగాండ్లు మీ అమ్మ గిట్ల నవ్వుతది అని నవ్వి చూపిస్తున్నరంట. జెర నువ్వు పని చేసే ఇండ్లల్ల అమ్మలకన్న చెప్పు. నువ్వు చెప్తే ఇంటరంట గదా.”

“చెప్తానమ్మా,” అంది లోవలక్ష్మి.

ముందు దుర్గేష్‌కి చెప్పింది. ఆ ఎపిసోడ్ అయిపోయింది ఆంటీ, చివర్లో పాత్రలు కల్పితమని వేశాం కదా అన్నాడతను. ఇక గురువారం కోసం చూసింది. ఆ రోజు కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఫోన్ లేదని, గోడకేసి కొట్టాడని, చేతులకి చపాతీ పిండి ఉందని, తను నవ్విన నవ్వు దుర్గేష్ నవ్వించిందని. ఒక్క మాటా వదల్లేదు.

సీతారత్నంగారు కప్పు కింద పెట్టారు. వీళ్ళకి జాలి కలిగిందనుకుంది లోవలక్ష్మి.

“ఆగండాగండి,” అంది కాంతమణి ముందుకు వంగి. “ఫోనే లేకపోతే, డ్రైవరు కిరాణా కొట్టుకి చేసేవాడన్నమాట. అంటే ఆ కొట్టువాడికి అన్నీ తెలుసు. వాడి మాటే రాలేదు ఎపిసోడ్‌లో.”

“అవునండోయ్. కొట్టువాడి మీద నాకిప్పుడు అనుమానంగా ఉంది.”

“తల్లి చేతులు ఎందుకు కడిగిందట? పోలీసులు వద్దన్నా?”

“లోవా, ఆవిణ్ణి ఒకసారి ఇక్కడికి తీసుకురాకూడదూ? మేమేమీ అనం. ఊరికే అడుగుతాం.”

వాళ్ళ కళ్ళల్లో మెరుపు చూసింది లోవలక్ష్మి. కొత్త ముడి దొరికిన మెరుపు. తను బావిలో తేలిన సంగతి చెప్పినప్పుడు చూసిందీ ఆ మెరుపునే, అదే తన మీద ఇష్టమనుకుంది. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీదున్న చట్నీ పోపు దించి, గిన్నెలు కడిగి బోర్లించి, “రేపటి నుంచి నాను రానమ్మా,” అని చెప్పి వచ్చేసింది. సీతారత్నంగారు నిజంగానే నొచ్చుకున్నారు. “ఏమన్నామనీ?” అన్నారు.

శవం వేషాలూ అంతటితో సరి. పైడిబాబు ఎందుకని అడగలేదు.

కేసు మూడేళ్ళకి విచారణకొచ్చింది. శారదమ్మకి తోడుగా లోవలక్ష్మి కోర్టుకి వెళ్ళేది. ఒకరోజు ముద్దాయి తరఫున స్వరూప పక్కింటామె బోనెక్కింది. స్వరూప ఎర్ర నైటీ వేసుకుని సెల్‌ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ ఉండేదని, కిటికీలోంచి చాలాసార్లు చూశానని చెప్పింది. అబద్ధం చెబుతున్న మనిషిలా లేదు. నమ్మి చెబుతోంది. ఆమె చూసింది టీవీలో తననేనని లోవలక్ష్మికి అర్థమైంది.

ప్రభుత్వ ప్లీడరు వెంటపడి ఆ సంగతి చెప్పింది. ఆయన మొదట విసుక్కున్నా, చివరికి జడ్జిగారి అనుమతితో లోవలక్ష్మిని సాక్ష్యానికి పిలిపించారు.

“ఆ నైటీ నాను ఏసుకున్నదండి. ఆ నవ్వు నాను నవ్విందండి. ఆ అమ్మాయిని నాను ఎప్పుడూ చూడలేదండి,” అంది బోనులో.

అవతలి వకీలు లేచాడు. “ఇప్పటికి ఎన్నిసార్లు చనిపోయారమ్మా మీరు?”

“ముప్ఫై ఆరుసార్లండి.”

కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు గంభీరంగా చూసేసరికి ఆపారు. ఆమె సాక్ష్యం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

తీర్పులో పక్కింటామె మాటని నమ్మదగింది కాదన్నారు. అంతవరకు లోవలక్ష్మి గెలిచింది. కానీ హత్య చూసినవాళ్ళు లేరని, కత్తి దొరకలేదని, చేతులు కడిగేయడం వల్ల ఉన్న ఆధారమూ పోయిందని రాసి, మొగుణ్ణి సంశయలాభం కింద విడిచిపెట్టారు. చేతులు కడిగిన మాట చదువుతున్నప్పుడు శారదమ్మ తన రెండు చేతులూ చీరకొంగులో దాచుకుంది. బయట మెట్ల మీద అతను బంధువులతో ఫోన్లో మాట్లాడుతూ వాళ్ళ పక్కనుంచే దిగిపోయాడు.

శారదమ్మకి ఆ తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. లోవలక్ష్మి ఆదివారాలు వెళ్ళి వారానికి సరిపడా పచ్చళ్ళు, పొడులు చేసిపెట్టి, పిల్లకి తలంటి వచ్చేది. పిల్ల తెలివైంది, తక్కువ మాట్లాడేది. ఒకరోజు తలకి నూనె పెట్టించుకుంటూ అడిగింది.

“అత్తా, నువ్వు మా అమ్మ లెక్క చేసినవంట గదా. మా అమ్మ ఎట్ల నవ్వేది? నాకు యాదికొస్తలేదు.”

లోవలక్ష్మి చెయ్యి ఆగింది. పిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది. ఏదో ఒకటి నవ్వి చూపిస్తే పిల్ల నమ్మేది. దాచుకునేది కూడా.

“నాకు తెల్దమ్మా,” అంది. “నాను సూడలేదు. మీ అమ్మమ్మనడుగు.”

పిల్ల లేచి, నూనె తలతోనే లోపలికి వెళ్ళింది. గదిలో అమ్మమ్మతో ఏదో అంటోంది. శారదమ్మ మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటలు బయటికి సరిగ్గా వినపడలేదు. వినాలని లోవలక్ష్మి దగ్గరికి వెళ్ళనూ లేదు.