మొదటి బంతిల కూసున్న మా అత్త

భద్రాచలంల మా మేనత్తది చిన్న ఇల్లే గానీ, చుట్టాలకు అది సత్రం లెక్క. రామయ్య దర్శనానికొచ్చినోళ్లు, పర్ణశాల పోయేటోళ్లు అందరూ దిగేది ఆడనే. తొంభైలల్ల ఓ ఎండాకాలం సెలవులకు నేను హైదరాబాద్ నుంచి పోయిన. మా ఇంట్ల ఫోన్ రిసీవర్ ఎప్పుడూ నా చెవికే అతుక్కొని ఉండేది. అత్తోళ్లకు ఫోనే లేదు. దిగిన కాన్నుంచి నాకు చిరాకు.

అత్తకు మడిమ మీద పుండు. చెప్పు కొరికి అయిన చిన్న పుండు, ఎన్నాళ్లకీ మానలే. దవాఖానల చూసి షుగరన్నరు. "పొద్దున సూది, అరగంటల తిండి. ఈ రెండు తప్పితే కాలు తియ్యాల్సొస్తది" అని డాక్టరు గట్టిగనే చెప్పిండు.

అత్త సూది ఒక్క పూట తప్పలే. గాజు సిరంజి మరగబెట్టుకొని, తడి ఇసుకల పెట్టిన కుండలోంచి మందు సీసా తీసి, పొట్టకు తనే పొడుచుకునేది. చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. అన్నం తగ్గించి జొన్నరొట్టె, బీరకాయ కూర తినేది. చుట్టాలకు పాయసం వండి, రుచి నన్ను చూడమనేది.

కానీ తిండి టైముకు పడకపోయేది. ఆ ఇంట్ల కోడలిది ఆఖరి బంతి. చుట్టాలు, మామ, మామోళ్ల అమ్మ, అందరూ తిని లేసినాకనే అత్త పళ్లెం ముందర కూసునేది. అప్పటికి సూది ఏసుకొని ఎంతసేపైతదో ఎవరికీ పట్టది.

ఒకనాడు వడ్డిస్త వడ్డిస్తనే గోడ పట్టుకొని కూలబడ్డది. ఒళ్లంత చెమట, చేతులు వణుకుతున్నయ్.

"చక్కెర... నోట్ల ఎయ్. తినక షుగర్ పడిపోయింది" అన్నది.

నేను డబ్బా అందుకుంటే ముసలమ్మ, అదే మామోళ్ల అమ్మ, నా చెయ్యి పట్టుకుంది. "షుగరున్నదానికి చక్కెర పోస్తరా? ఏంది పిల్లా!"

"ఇడువు ముందు!" అని గుంజుకొని నోట్ల పోసిన. కాసేపటికి అత్త తేరుకుంది. నేను అప్పటికే చెప్పులేసుకున్న. ఎస్టీడీ బూతుకు ఉరికి, నాన్నకు చెప్పి అందర్నీ తిట్టించాలె.

"కూసోవే. మీ నాన్న ఫోన్లకెంచి రొట్టె పంపుతడా?" అన్నది అత్త.

మర్నాడు పొద్దుగాలే ఖమ్మం నుంచి చుట్టాలు దిగిన్రు. జల్దీ తిని పర్ణశాల పోవాలె. నేనైతే కొట్లాటకు తయారుగున్న. అత్త సూదేసుకుంది. చేతులు కడుక్కొని, తన పళ్లెం తనే తెచ్చుకొని, మొగోళ్ల వరుసల మామ పక్కన పీటేసుకొని కూసుంది.



"కోడలా, ఆళ్లింకా ముద్దెత్తలే" అన్నది ముసలమ్మ.

"సూదేసుకున్న అత్తమ్మా. నేను ఆగినా మందు ఆగది." గొంతు లేపలే. రొట్టె తుంచింది.

"మరి వడ్డించేదెవరమ్మా?" అన్నడు మామకు బావ వరసైన పెద్దాయన.

అత్త నములుతనే మామ దిక్కు చూసింది. మామ లేసిండు. జన్మల గరిటె పట్టని మనిషి. పప్పుచారు సగం విస్తట్ల, సగం పెద్దాయన పంచె మీద పోసిండు.

"బావా, పంచె ఉతికే తోలుతవా పర్ణశాలకు?" అన్నడు పెద్దాయన.

అందరూ నవ్విన్రు, ముసలమ్మ తప్ప. అత్త మాత్రం రొట్టె అయ్యేదాక లేవలే. నేనైతే అరిచి, తలుపు ధడాలున కొట్టి బయటికి పోయేదాన్ని. మర్నాడు అత్తకు మళ్ల అదే ఆఖరి బంతి అయ్యేది. అత్త ఒక్కర్ని ఒక్క మాటనలే.

దసరాకు మళ్ల పోయిన. "సూదేసుకున్నవ్ కద, ఇంకా పొయ్యికాడేం పని? కూసో" అని కసురుతున్నది ఎవరనుకున్నరు, ముసలమ్మనే. అత్త నా దిక్కు కాలు చాపింది. పుండున్నకాడ చింతగింజంత నల్ల మచ్చ. ఏలుతో నొక్కిన. గట్టి తోలు.

"నొస్తుందా అత్తా?"

"నొయ్యది. గోరు దింపకు, మళ్ల పుండైతది" అని కాలు గుంజుకొని, రొట్టె ముందర కూసుంది.