ఆఫీసరుకు చెప్పింది నేనే

ఇన్నేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కుంపటిలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల్లో నేనూ సుగుణా ఆళ్లగడ్డలో ఒకే బడిలో టీచర్లం. ఇద్దరిదీ నంద్యాలే, ఒకే పేట, ఒకే చర్చి. చర్చిలో ఆమె మరియమ్మ. నా పేరు వదిలేయండి. బడి రికార్డుల్లో మాత్రం ఇద్దరం హిందువులం, ఎస్సీలం. క్రైస్తవులమని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు, దాంతో వచ్చిన ఉద్యోగమూ ఉండదు. అందుకే సోమవారం పొద్దున బస్సు ఆళ్లగడ్డ చేరబోతుంటే ఒకరికొకరం బొట్టు పెట్టుకునేవాళ్లం. హోటల్లో మాకు వేరే గ్లాసు పెట్టినవాడు మాత్రం మీ దేవుడెవరని ఒక్కరోజూ అడగలేదు.

సుగుణ క్రైస్తవురాలని ఎవరో ఆమె మీద అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన ఆఫీసరు నన్ను పిలిచాడు.

"ఆ సుగుణమ్మ ఆదివారం యాడికి పోతాదమ్మా?"

"చర్చికి సార్. పాటలు గూడా పాడతాది."

"నీకెట్ల తెలుసు?"

"మా ఇల్లు ఆడనే సార్. ఇనబడతాది."

"మరి నువ్వో?"

"మేం హిందువులం సార్."

వినబడటమేమిటి? ఆమె పక్కనే నిలబడి అదే పుస్తకంలో చూసి పాడేదాన్ని. తెలియదంటే సరిపోయేది కదా? ఆమెను చూపిస్తే నా జోలికి రాడనుకున్నానా, లేక ఆమె గొంతు నాకంటే బాగుంటుందన్న కుళ్లు కూడా ఆ మాటలో కాస్త కలిసిందా, ఇన్నేళ్లు తవ్వినా తేల్చుకోలేకపోయాను. ఆఫీసరు రాసుకున్న ఆ మాటల కింద నేను సంతకం పెట్టాను. ఆమె ఉద్యోగం పోయింది. ఆ ఆదివారం నుంచి, గొంతు బాగోలేదని చెప్పి, నేను చర్చి మానేశాను.

సుగుణ మాత్రం ఓడిపోలేదు. పేరు మార్చుకుని గెజిట్‌లో వేయించింది. క్రైస్తవురాలిననే దరఖాస్తు రాసి, క్రైస్తవులైన ఎస్సీలకు విడిగా ఉన్న ఆ కొద్ది పోస్టులకే పోటీపడి మళ్లీ టీచరైంది. ఎనభైల్లో మా బడికే హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చింది. బోర్డు మీద మరియమ్మ అని తెల్లటి పెద్ద అక్షరాలు. బొట్టులేని నుదురుతో, తల ఎత్తుకుని ఆమె గేటు దాటి వస్తుంటే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. నా ఒళ్లు పులకరించింది. నీకెందుకే ఆ గర్వం అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా గర్వం ఆగలేదు.

ఆమె నన్ను చూసి నవ్వింది. తన గురించి ఎవరు చెప్పారో ఆమెకు తెలియదు. రిటైరయ్యేదాకా నా టిఫిన్ డబ్బాలో కూర పంచుకు తింది.

క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమించేస్తుంది, ఆమె సంగతి నాకు తెలుసు. అంత సులువుగా బయటపడే హక్కు నాకు లేదు.

మరియమ్మా, ఆ రోజు ఆఫీసరుకు చెప్పింది నేనే. నేనూ నీలాగే క్రైస్తవురాలిని. ఈ రెండు మాటలూ ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను. ఎంత తేలిగ్గా ఉందో.