చెయ్యెత్తిన దానియేలు సార్

మొన్న మా అమ్మాయికి ఈత కళ్లద్దాలు కొని తెచ్చాను. కవరు చింపగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా పళ్లు వాటంతట అవే బిగుసుకుంటాయి. చాలా ఏళ్లు గని రెస్క్యూ దళంలో పనిచేసినవాణ్ని. ఊపిరి యంత్రాన్ని వీపుకు కట్టుకుని, దాని రబ్బరు గొట్టాన్ని పళ్లతో కరిచిపట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని పొగలోకి నడవడం నాకు నేర్పినవాడు దానియేలు సార్. ఆయన్ని ఎరిగినవాళ్లు, ప్రమాదాల్లో ఆయన బయటికి తీసుకొచ్చిన మనుషుల గురించి చెబుతారు. నేను మాత్రం ఒక పడవ మీద ఆయన చేయలేకపోయిన పని గురించి చెప్పాలనుకుంటున్నాను.

గోదావరిఖనిలో ఆయన మా ఇన్‌స్ట్రక్టర్. పొట్టి మనిషి, వెడల్పాటి ఛాతీ, నెరిసిన మీసం. తండ్రి కూడా గని కార్మికుడే. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని డోలక్ వాయించే మనిషి సోమవారం మాకు చెమటలు కక్కించేవాడు. గని సొరంగంలాగే కట్టిన ఒక చీకటి గదిలో పొగ నింపి, అయిదుగురేసి మమ్మల్ని అందులో నడిపించేవాడు. నోట్లో గొట్టం ఉంటుంది కనుక మాటలుండవు, అంతా చేతి సైగలే; చెయ్యెత్తితే ఇక నావల్ల కాదని అర్థం. ఒకసారి మాలో అందరికంటే బలశాలి, కబడ్డీ ఆడే రవీందర్, సగం దారిలో ఆగి చెయ్యెత్తాడు. సార్ వెంటనే అయిదుగురినీ వెనక్కి మళ్లించాడు. బయటికి వచ్చాక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవడ్రా నవ్వింది?" అన్నాడు సార్. గొంతు పెంచలేదు. "వాడు చెయ్యి లేపిండు కాబట్టి తన కాళ్ల మీద తనే నడిచొచ్చిండు. లేపకపోతె మీరు నలుగురు మోసుకరావాలె. మోసెటోడు గూడ పడిపోతె వాన్నెవడు మోస్తడు? ఒక్కడు ఆగితె అందరు ఆగుడే. అందరు మర్లి వచ్చుడే."

మేం తలలూపాం. నేను దాన్ని డ్యూటీలో పాటించాల్సిన నియమంగానే గుర్తుపెట్టుకున్నాను. అది ఎంత కష్టమైన నియమమో తెలియడానికి సముద్రం దాకా వెళ్లాల్సివచ్చింది.

ఆయన రిటైరయ్యే ముందటి చలికాలం అది. ప్రత్యేక రాష్ట్రం కోసం చేసిన పెద్ద సమ్మె ముగిసింది, రాష్ట్రం మాత్రం రాలేదు. కాలనీలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. ఒకరోజు సార్ మా క్వార్టరుకు వచ్చి, "శంకర్, ఇంకెన్ని దినాలు ఈ బొగ్గు జూస్తవ్? నీకు కొత్తగ లగ్గమైంది. లీవు పెట్టు, సముద్రం జూసొద్దాం" అన్నాడు. సార్, ఆయన భార్య రూతక్క, నేను, నా భార్య స్వరూప రామగుండంలో రైలెక్కి చెన్నై వెళ్లాం. అక్కణ్నుంచి ఓడలో అండమాన్. నీళ్ల అడుగున పగడపు దిబ్బలు చూపిస్తారని తెలిసి, ఆడవాళ్లను ఒడ్డున కూర్చోబెట్టి మేమిద్దరం డబ్బు కట్టి పడవెక్కాం.

ఆ పడవలో సగం మంది మాలాంటి యాత్రికులు. మిగతా సగం, వీపున గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదే స్కూబా నేర్చుకునే క్లాసు, నలుగురు విద్యార్థులు. పడవను ముందు వాళ్ల పాఠానికి అనువైన లోతు తక్కువ చోటికి తీసుకెళ్లారు. వాళ్లది అయ్యేదాకా మేం ఎదురుచూడాలి. యాత్రికులు సణిగారు. సార్‌కు మాత్రం అసలు వినోదం అదే. పడవ అంచున బోర్లా పడుకుని, తేట నీళ్లలో వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని నోట్లోంచి గొట్టం తీసి మళ్లీ పెట్టుకోవడం చూస్తూ, "అరే శంకర్, మన క్లాసేరా ఇది! పొగకు బదులు నీళ్లు, గంతే!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నేను ఊరుకోలేదు. మా సార్ ఎంతటివాడో, ఎన్ని మంటల్లోకి వెళ్లివచ్చాడో పడవంతా వినేలా వచ్చీరాని హిందీలో చెప్పేశాను. అందరూ ఆయన్ని కొత్తగా చూశారు.

ఆ క్లాసులో లావణ్య అనే విశాఖపట్నం అమ్మాయి ఉంది. మా తెలుగు విని విశ్రాంతి సమయంలో మా పక్కకు వచ్చి కూర్చుంది. "అంకుల్, కళ్లద్దాల్లోకి నీళ్లొస్తే నాకు ఊపిరి ఆడట్లేదండీ. తరవాత లోతుకి తీసుకెళ్తారంట. చెప్తే ఫ్రెండ్స్ నవ్వుతారు. ఎలాగోలా దిగిపోతాను" అంది. సార్ ఆమె వైపు చూశాడు. అంతలో పడవ పగడాల చోటికి చేరింది, యాత్రికుల్లో మొదట ఆయన్నే పిలిచారు.

ఒక ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని సార్ నీళ్లలోకి దిగాడు. నేను గర్వంగా చుట్టూ చూశాను. ఇంకా తల పూర్తిగా కనుమరుగైందో లేదో, మళ్లీ పైకి వచ్చాడు. చెవి పట్టుకున్నాడు. ఇన్‌స్ట్రక్టర్ ఏదో చెప్పాడు. మళ్లీ దిగాడు. ఈసారి కాస్త ఎక్కువసేపే అయింది. తర్వాత నీళ్లలోంచి ముందు ఆయన చెయ్యి లేచింది, వెనకే ముఖం. నిచ్చెన ఎక్కి పడవ మధ్యలో నిలబడి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ అందరికీ వినిపించేలా అన్నాడు:

"నాతోని ఐతలేదు. చెవు నొస్తాంది. భయం గూడ ఐంది."

తెలుగు రానివాళ్ల కోసం అదే మాట హిందీలో మళ్లీ చెప్పాడు. వెనక ఎవరో, "మంటల్లోకి వెళ్లే ఆయనేనా?" అని నవ్వారు. నా ముఖం మండిపోయింది. గొప్పలు చెప్పింది నేను, నవ్వుల పాలైంది ఆయన. సార్ మాత్రం బిస్కెట్ పొట్లం విప్పి, లావణ్యకు రెండిచ్చి తను తినసాగాడు.

బిస్కెట్ చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి లేచింది. తన ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లింది. చెయ్యి భుజం దాకానే లేచింది. "సార్, నేనూ ఇవాళ లోతుకి దిగలేను" అంది. ఆయన కోప్పడలేదు. మంచి పని చేశావన్నట్టు తలూపి, క్లాసును లోతుకు తీసుకెళ్లడం మరునాటికి మార్చాడు. ఆమె స్నేహితులెవరూ నవ్వలేదు. వాళ్లలో ఒకడు హమ్మయ్య అనుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

నేను దిగాను. చిలకపచ్చ చేపలు, ఊదారంగు పగడాలు, అంత నిశ్శబ్దం! పైకి రాగానే సార్ కళ్లు మూసుకుని, "చెప్పు, ఏం గనవడ్డది? మెల్లగ చెప్పు" అన్నాడు. ఆయన కోసం చూసిందంతా చెప్పాను. మరునాడు ఉదయం ఒడ్డున, నడుము లోతు నీళ్లలో ఇన్‌స్ట్రక్టర్ లావణ్యతో కళ్లద్దాల పాఠం మళ్లీ చేయించాడు. ఆమె అడిగిందని సార్ కూడా పక్కనే నిలబడ్డాడు. "జల్ది చెయ్యకు బిడ్డా. నీ ఊపిరి చప్పుడు నువ్వు ఇను" అంటూనే ఉన్నాడు. ఎన్నోసారికో ఆమె కళ్లద్దాల్లోంచి నీళ్లు ఊదేసి, పైకి లేచి గంతులేసింది. ఒడ్డున రూతక్క, స్వరూప చప్పట్లు కొట్టారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఒక గనిలో మంట లేచింది. అప్పటికి సార్ రిటైరై బెల్లంపల్లిలో ఉంటున్నాడు. నేను దళానికి కెప్టెన్‌ని. నా వెనక నలుగురు. పైన అధికారులు, ఇళ్ల నుంచి పరుగెత్తుకొచ్చిన జనం. లోపల మనుషులెవరూ చిక్కుకోలేదు, కానీ మంటను అక్కడే ఆపకపోతే గని మొత్తం పోతుంది. పొగలో కొంత దూరం వెళ్లాక నాకు తల తేలిపోసాగింది, చెవుల్లో హోరు మొదలైంది. ఇంకాస్త నడవగలననిపించింది. వెనక్కి వెళితే ఏమంటారోననీ అనిపించింది. అప్పుడే పడవ మీద తువ్వాలుతో తల తుడుచుకుంటున్న మనిషి కళ్లముందు నిలిచాడు. చెయ్యెత్తాను. అయిదుగురం మళ్లాం. బయటికి వస్తూనే నేను కుప్పకూలాను. నా యంత్రంలో ఆక్సిజన్ సరిగా రావడం లేదని తర్వాత తేలింది. మా స్థానంలో వెళ్లిన ఇంకో దళం పని పూర్తిచేసింది.

కబురు తెలిసి సార్ దవాఖానకు వచ్చాడు. మంచం పక్కన కూర్చుని నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "మర్లి వచ్చినవంట. మంచిగ చేసినవ్."

"సార్, ఆ రోజు పడవ మీద మీకు సిగ్గనిపించలేదా?" అని అడిగాను.

"ఎందుకనిపియ్యలేదు? శాన అనిపించింది. నువ్వేమో గంత గొప్పగ చెప్తివి." నవ్వాడు. "ఇంకొక్కసారి కోషిష్ చేస్తె దిగెటోన్నే కావచ్చు. కానీ ఆ పిల్ల జూస్తాంది గద" అన్నాడు.

ఆయన ఇప్పుడు లేరు. కొత్తగా వచ్చే కుర్రాళ్లకు నేనే శిక్షణ ఇస్తున్నాను. పొగ గదిలోకి పంపే ముందు ప్రతి జట్టుతోనూ ఒకసారి నేనే లోపలికి వెళతాను. సగం దారిలో, అవసరం ఉన్నా లేకపోయినా, నేనే ముందు చెయ్యెత్తి అందర్నీ బయటికి తీసుకొస్తాను. వాళ్లలో భయాన్ని దాచుకున్నవాడు ఎవడో నాకు తెలియదు. వాడు చూస్తుంటాడని మాత్రం తెలుసు.