మా పెరట్లో మైసూరు చెట్టు

మొన్న మా మనవడు చింతామణి వైపు సర్కారు నర్సరీకి పోయి శ్రీగంధం మొక్కలు కొనుక్కొచ్చాడు. కొనుక్కొచ్చాడు అన్న మాట మళ్ళీ ఒకసారి చదువుకోండి. నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో జానెడేసి మొక్కలను టెంపో నిండా పరుచుకుని, సర్కారుకు డబ్బు కట్టిన రసీదు చొక్కా జేబులో మడిచి పెట్టుకుని, పెళ్ళికొడుకులా దిగాడు. వేరుశెనగ ఇక గిట్టుబాటు కాదట, ఆ చేనంతా గంధపు తోట చేస్తాడట, ఇంటికి పెద్దదాన్ని కనుక మొదటి మొక్క నా చేత్తో నాటించాలట. చట్టం మారిందవ్వా, మన నేలలో మొలిచిన గంధం ఇప్పుడు మనదే అని వాడు సంబరంగా చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. మన నేలలో మొలిచింది మనది కాకుండా ఎప్పుడు పోయిందిరా అని అడిగితే నన్ను జాలిగా చూశాడు. చదువుకున్న పిల్లలు ముసలివాళ్ళను చూసే చూపు అది, మీకూ అనుభవమే అయ్యుంటుంది.

వాడికేం తెలుసు. నా ఈడువాళ్ళకు, ముఖ్యంగా బాగేపల్లి పక్క పల్లెలకు కోడళ్ళుగా వచ్చినవాళ్ళకు, ఈ సంగతి చెప్పనక్కర లేదు. నేను చిక్కబళ్ళాపురంలో పుట్టి పెరిగినదాన్ని. నన్ను గూళూరు అవతల ఒక చిన్న పల్లెకు ఇచ్చారు. ఊరి పేరు రాయను, ఎందుకంటే ఈ కథలో నేను తిట్టబోయే ఉద్యోగుల మనవలు మనవరాళ్ళు ఎక్కడో మర్యాదగా బతుకుతుంటారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. అవి పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు, కిరసనాయిలు చుక్కకు కూడా కూపను కావాలి. మామగారు ఊరి గుడిలో అర్చకులు. కొత్త కోడలికి ఏ ఇంట్లోనైనా ఉప్పు జాడీ ఎక్కడుందో, మడిబట్టలు ఎక్కడ ఆరేస్తారో ముందు చూపిస్తారు. మా అత్తగారు మాత్రం నన్ను పెరట్లోకి తీసుకుపోయి, కంచె మొదట్లో వంగి, వేలెడంత మొలక ఒకటి చూపించి ఆకును బాగా గుర్తుపెట్టుకోమన్నారు. ఎదురెదురుగా నున్నటి ఆకులు, చిగురు దగ్గర కొంచెం ఎర్రజీర. ఎంత ముద్దుగా ఉందో అనుకునేలోపే ఆమె బొటనవేలూ చూపుడువేలూ కలిపి దాన్ని మెడ దగ్గర పట్టి పుటుక్కున గిల్లి, తీసుకుపోయి పొయ్యిలో వేశారు. రోజూ పెరడు ఊడ్చేటప్పుడు నేనూ ఇదే పని చేయాలన్నారు. అది గంధం మొక్క అని తెలిసి, అర్చకుల ఇంట్లో గంధాన్ని గిల్లి పొయ్యిలో వేయడమేమిటి, వీళ్ళకు మతి ఉందా అని నేను హడలిపోయాను.

మతి ఉండబట్టే వేశారని త్వరలోనే తెలిసింది. గంధాన్ని ఆ కాలంలో ఎవరూ నాటేవారు కాదు. పిట్టలు నల్లటి పండ్లు తిని కంచెల మీద వాలి ఎక్కడ వేస్తే అక్కడ మొలిచేది. అలా మొలిచిన క్షణం నుంచి అది మైసూరు సర్కారు సొత్తు. నేల మనది, నీళ్ళు మనవి, కాపలా మనది, చెట్టు మాత్రం వాళ్ళది. కొమ్మ విరిగితే మనం జవాబు చెప్పాలి, దొంగ కొట్టుకుపోతే మనల్నే దొంగల్ని చేస్తారు, మనమే కొడితే జైలు. కాబట్టి అడవి శాఖ గార్డు కంట పడకముందే మొలకను మాయం చేయడం మా పల్లెల్లో ఆడవాళ్ళ నిత్యకృత్యం. ముగ్గు వేయడం రాని కోడలినైనా సహించేవారు గానీ గంధం ఆకు గుర్తుపట్టలేని కోడలిని ఏ అత్తా సహించేది కాదు. రాజుగారికి ఇష్టమైన చెట్టట. ఇష్టమైతే ఆయన పెరట్లో ఆయన పెంచుకోవచ్చు, ఎవరొద్దన్నారు?

మా ఇంట్లో మాత్రం ఒకటి తప్పించుకుంది. మా అత్తగారు కాపురానికి రాకముందే వంటింటి గోడ వెనక, దానిమ్మ గుబురులో దాక్కుని పెరిగిపోయి, గార్డు చూసేసరికి మనిషెత్తు అయింది. బెరడు చెక్కి నంబరు కొట్టేశారు. నంబరు పడ్డాక ఇక దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? మామగారు పొద్దున్నే ఆ చెట్టు నీడలో కూర్చుని సానరాయి మీద స్వామికి గంధం తీసేవారు. ఆ గంధపు చెక్క సర్కారు డిపోలో కొన్నది. నెత్తిమీద చెట్టు, చేతిలో కొన్న చెక్క. మామగారు నోట్లో నాలుక లేని మనిషి, కచేరి జవాను కనిపించినా చేతులు జోడించేవారు, కనుక ఆయనకు ఇందులో వింతేమీ కనిపించలేదు. అత్తగారికి మాత్రం రోజూ కనిపించేది, రోజూ అనేవారు.

నేను వెళ్ళిన రెండో ఏడు వానలు తగ్గాక రేంజరు వచ్చాడు. గుర్రం దిగకుండానే చెట్టు పండిందని తేల్చి, పై సంతలోగా మనుషులను పెట్టి పెళ్ళగిస్తామన్నాడు. పెళ్ళగించడమంటే కొట్టుకుపోవడం కాదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. గంధం నూనె ఎక్కువగా ఉండేది వేళ్ళలో, అందుకని వేలెడు వేరు కూడా వదలకుండా తవ్వాలని వాళ్ళ రూలు. మా చెట్టు వేళ్ళు వంటింటి గోడ కిందుగా ఇంట్లోకి పోయాయి. మాది మట్టి గోడల మిద్దె, పైన బండలు, బండల మీద మూరెడు మట్టి. గోడ కింద తవ్వితే మిద్దె మొత్తం నెత్తిన పడుతుంది. మాకున్నది ఆ ఒక్క ఇల్లు. మామగారు చేతులు నలుపుకుంటూ ఆ సంగతి చెప్పుకుంటే, గోడ తన శాఖకు సంబంధించింది కాదని, కావాలంటే తరువాత కట్టుకోమని ఆ మహానుభావుడు సెలవిచ్చాడు. ఇల్లు కట్టుకోవడమంటే గుర్రానికి జీను మార్చినట్టు అనుకున్నాడు కాబోలు.

మగవాళ్ళు చేసిన ఘనకార్యాలు కూడా చెప్పాలి. మామగారూ మా ఆయనా ఊరి పెద్దలను వెంటబెట్టుకుని తాలూకా కచేరికి పోయి అర్జీ ఇచ్చారు. అమల్దారు, అంటే తాలూకాకు పెద్ద, వాళ్ళను ఎండలో నిలబెట్టి, అర్జీని కాఫీ లోటా కింద పెట్టుకుని పంపేశాడు. తరువాత ఖద్దరు టోపీల కుర్రవాళ్ళు కొందరు వచ్చి మా అరుగు మీద గొప్ప ఉపన్యాసం ఇచ్చారు. స్వరాజ్యం వస్తే ప్రతి చెట్టూ ప్రజలదే అన్నారు, మేం చేసిన చిత్రాన్నం రెండుసార్లు వడ్డించుకున్నారు, పోయారు. స్వరాజ్యం వచ్చాక వాళ్ళలో ఒకాయన పెద్ద పదవిలోకి వచ్చాడు, చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. చిత్రాన్నం దండగైందని అత్తగారు బతికినన్నాళ్ళూ దెప్పేవారు.

వాళ్ళందరి సంబడం చూశాక అత్తగారు ఎదురింటి పెద్దమ్మను పిలిచారు. ఆవిడ రైతు ఇంటి మనిషి, రెండెడ్ల బండి స్వయంగా తోలగలిగినది, గంధం చెట్టు తెచ్చిన చిక్కుతో తమ్ముడు జైలుకు పోయి వచ్చినవాడు కనుక కడుపులో మంట ఉన్నది. ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని మాట్లాడుకుని, వీధివీధికీ కబురు పంపారు. ఎవరూ ఇక మొలక గిల్లకూడదు, కనిపించినదాన్ని వేరు తెగకుండా మట్టితో సహా తీసి పగిలిన కుండలోనో చిల్లు బుట్టలోనో పెట్టి తేవాలి. మా పల్లే కాదు, గూళూరు నుంచి కూడా వచ్చాయి. అంతకాలం దొంగచాటుగా పొయ్యిలో పెట్టిన మొలకలను ఆడవాళ్ళు బాహాటంగా చంకనెత్తుకుని వస్తుంటే మగవాళ్ళు ముక్కున వేలేసుకుని నిలబడ్డారు. మామగారైతే జపమాల పట్టుకుని లోపల కూర్చున్నారు.

జమాబంది నాడు, అంటే జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చి తాలూకా లెక్కలు చూసే రోజున, బండ్లు కట్టుకుని కచేరికి పోయాము. ఆ దొర ఇంకా రాలేదు. కుండలన్నీ వరుసగా కచేరి వసారాలో దించాము, అమల్దారు కుర్చీ దాకా. ఆయన గుడ్లు మిటకరించి ఇదంతా ఏమిటన్నాడు. అంతవరకూ పరాయి మగవాడి ముందు గొంతెత్తి ఎరగని మా అత్తగారు కొంగు బిగించుకుని ముందుకు వచ్చారు.

“ఇవి మీ బిడ్డలంట గదప్పా. మా యిండ్లల్లో మొలిస్తే ఇన్నాళ్ళూ మేం సాకినాము. ఇంక మా చేత గాదు. లెక్క చూసుకోని రసీదియ్యండి, మేం పోతాము.”

ఆ మనిషికి కాస్త తెలివి ఉన్నా చిక్కు గ్రహించేవాడు. తీసుకుంటే నీళ్ళు పోసి పెంచాలి, తీసుకోకపోతే అవి సర్కారువి కావని ఒప్పుకున్నట్టే. కానీ కళ్ళు నెత్తికెక్కినవాడికి చిక్కులు కనపడవు. హుచ్చు హెంగసరు అని కన్నడంలో విసుక్కున్నాడు, పిచ్చి ఆడవాళ్ళని, మాకేదో కన్నడం రానట్టు. జవాన్ల చేత కుండలన్నీ ఎత్తించి కచేరి వెనక పారేయించాడు. అక్కడే బందెల దొడ్డి ఉంది, చేలల్లో పడ్డ పశువులను పట్టుకొచ్చి కట్టేసే చోటు. మేకకు గంధం ఆకంటే ఎంత ప్రాణమో మేకలు కాచినవాళ్ళను అడగండి. దొర కారు వచ్చి ఆగేసరికి సర్కారు దొడ్డిలోని మేకలు, సర్కారు ఆవరణలో, సర్కారు మొక్కలను మోడులు కూడా మిగల్చకుండా మేస్తున్నాయి. మేమంతా చుట్టూ కూర్చుని చూస్తున్నాము, ఒక్కరమూ అదిలించలేదు.

దొర దిగి ఏం జరిగిందని అడిగాడు. అత్తగారు లేవలేదు.

“వేరు మా ఇంటి కింద ఉండాది. వేరు కావల్లంటే ఇల్లు కూలుస్తామంటాండారు. మొక్క గిల్లితే మాకు జైలప్పా. మీ మేకలు మేస్తే జైలు ఎవురికి?”

ఆయన అమల్దారు వైపు చూశాడు, అమల్దారు జవాను వైపు చూశాడు, జవాను మేకల వైపు చూశాడు. వాటికి తలెత్తే తీరిక లేదు. తరువాత ఆ దొర ఏదో ధర్మరాజులా తీర్పు చెప్పాడని అనుకోకండి. ఎండగా ఉంది, లోపల భోజనం చల్లారుతోంది, ఈ సంగతి పైకి పోతే నవ్వులపాలవుతాడు, అంతే. అర్జీ ఎక్కడుందని అడిగి తెప్పించుకుని, లోటా ముద్ర గుండ్రంగా పడిన ఆ కాగితం మీదే ఇంటి వైపు వేళ్ళు వదిలేయమని రెండు ముక్కలు గీకి లోపలికి పోయాడు. మిద్దె నిలిచింది. అత్తగారు ఇంటికి వచ్చాక గోడ మీద అరచెయ్యి ఆనించి ఏడ్చారు.

చెట్టు మాత్రం పోయింది. రేంజరు కసికొద్దీ గోడ దాకా తవ్వించి, అక్కడ వేళ్ళను నరికించాడు. పెరడంతా, ఇల్లంతా, మా తలలు కూడా గంధం వాసన. చెట్టు ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడూ వాసన రాలేదు, చచ్చిన రోజునే వచ్చింది. గార్డులు చీపురు పట్టి పొట్టుతో సహా గోతాల్లోకి ఎత్తుకున్నారు. మామగారు దగ్గరికి పోయి, స్వామికి చిన్న పేడు ఒకటి ఇప్పించమని అడిగారు. కావాలంటే డిపోలో కొనుక్కోమన్నాడు రేంజరు. మరునాటి నుంచి మామగారు తాను పోయేదాకా మా స్వామికి పసుపే పూశారు, గంధం అలంకరణ లేదు. ఎవరైనా అడిగితే స్వామికి ఇదే బాగుందట అనేవారు. ఆ నోరులేని మనిషి చేసిన సత్యాగ్రహం అది, ఏ ఉపన్యాసంలోనూ దాని మాట రాలేదు.

నరికిన వేరు ఊరుకుంటుందా? మరుసటి వానలకు గోడకు లోపలి వైపున, పొయ్యి పక్కన, మట్టి నేల చీల్చుకుని చిగురు వచ్చింది. అత్తగారు అన్నం వారుస్తూ చూశారు, వంగారు, గిల్లారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ గిల్లారు. ఆమె పోయాక ఆ పని నాకు వచ్చింది. ఎవరికి భయపడి అని అడిగితే చెప్పలేను, రాజు పోయాడు, రేంజరు పోయాడు, అయినా గిల్లుతూనే ఉన్నాను. మా వైపు గంధం కనబడకుండా పోయిందని పేపరులో రాసినప్పుడల్లా దొంగలను తిడతారు. దొంగలు కొట్టింది పెద్ద చెట్లను. మొలకలను ఎవరు మిగలనిచ్చారు? మా చేత ఆ పని చేయించినవాళ్ళు అడవులను కాపాడామని పింఛన్లు పుచ్చుకుని పోయారు.

ఇక నిన్నటి సంగతి. మనవడు గుంత తవ్వి, సంచి చింపి, మొక్కను నా చేతికిచ్చాడు. చేను చుట్టూ ముళ్ళతీగ కట్టాడు, స్తంభానికి కెమెరా బిగించాడు, కొట్టాలంటే మళ్ళీ సర్కారు అనుమతి కావాలని కూడా వాడే చెప్పాడు. మనది అన్న మాటకు ఇప్పుడు ఇదట అర్థం. నేను మొక్కను చూశాను. అవే ఎదురెదురు ఆకులు, చిగురు దగ్గర అదే ఎర్రజీర. నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే దాని మెడ దగ్గరికి పోయాయి. వాడు దాన్ని ఆశీర్వాదం అనుకుని ఫోటో తీసుకున్నాడు.

నువ్వే నాటుకోరా అని మొక్క వాడి చేతిలో పెట్టేసి గట్టు మీద కూర్చున్నాను. వాడు నాటి, నీళ్ళు పోసి, రెండో గుంతకు పోయాడు. వాడి పని అయ్యేదాకా నా చేతులు రెండూ కొంగులో చుట్టిపెట్టుకునే ఉన్నాను.