వాగుకు చివరి తరగతి

సూరత్‌లోని పాండేసరలో ఆ సిమెంటు పలకల మీదుగా నడుస్తుంటే సందుల్లోంచి మిల్లు రంగుల ఘాటు వేడిగా ముఖానికి కొడుతుంది. కింద వాగు ఉందని ఇప్పుడు చాలామందికి తెలియదు. నాకు తెలుసు. దాని గట్టు మీదే విమల మేడం దగ్గర పని నేర్చుకున్నాను.

సూరత్ చుట్టుపక్కల చెరువులనూ వాగులనూ తరగతులుగా విడదీసే పనికి ఆమె అధికారి, నేను సహాయకురాలిని. ఏ నీరు తాగడానికి పనికొస్తుంది, ఏది చేపలకు, ఏది పొలాలకు అని పరీక్షించి తేల్చాలి. దాన్నిబట్టే కాపాడాలా, వదిలేయాలా అని పైవాళ్లు నిర్ణయిస్తారు. చివరి తరగతిలో పడితే మిల్లుల మురుగు వదలడానికి అడ్డుండదు. ఆమెదీ మాలాగే కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. ఆఫీసులో గుజరాతీలో వాదించినా, నాతో మాత్రం ఇంటి భాషే. మొదటిరోజు ఈ వాగులో ఎర్రటి నీళ్లు చూసి ఇది దేనికీ పనికిరాదన్నాను. "ఇయ్యాల ఎట్లున్నదో గాదు, మంచిగ జూస్తే ఎట్లుంటదో గది తేల్చాలె" అన్నారు.

లాక్‌డౌన్‌లో మిల్లులు మూతపడ్డాయి. కొన్ని వారాలకు పాస్ చూపించి మేమిద్దరం వాగు దగ్గరికి వెళ్తే అడుగున ఇసుక కనిపించింది. చిన్నచిన్న చేపలు ఎదురీదుతున్నాయి. మేడం వంగి పరీక్షకు సీసాలో ఆ నీళ్లు పట్టుకున్నారు. డిండోలిలోని ఇంటికొచ్చి మా నాన్నకు సంబరంగా చెప్పాను. రంగుల మిల్లులో పని ఆగిపోయి కూర్చున్న మనిషి. "నీళ్లు తేటగైనయంటే మన పొయ్యి ఆరినట్టే గద బిడ్డా" అన్నాడు.

ఆ మాట చెబితే మేడం కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "మీ బాపు అన్నది నిజమే. మిల్లు నడవాలె, వాగు గూడ బతకాలె. రెండిట్ల ఒకటే ఏరుకొమ్మంటే ఎట్ల?" అన్నారు.

మురుగును శుద్ధి చేసి వదిలితే ఈ వాగు ఎప్పుడూ ఇలాగే ఉంటుందనీ, దాన్ని చేపలు బతికే తరగతిలో పెట్టాలనీ ఆమె సమావేశంలో వాదించారు. మిల్లులు మూసినప్పటి నీరు లెక్కలోకి రాదన్నాడు పెద్ద అధికారి. జ్వరంతో పడుకున్న మనిషిని చూసి ఇతని ఒళ్లు ఎప్పుడూ ఇంతే కాలుతుందని రాస్తామా అని ఆమె అడిగారు. చివరి తరగతికి ఆమె ఒప్పుకోలేదు, సంతకం పెట్టలేదు. కొద్దిరోజులకే ఆ పని నుంచి తప్పించి, ఓ మూలగదిలో బిల్లులు చూడమన్నారు.

రెండో విడత కరోనాలో మేడం పోయారు. ఆక్సిజన్ పడక దొరికేసరికి ఆలస్యమైంది. కడసారి చూడనివ్వలేదు. అప్పటికి మిల్లులు నడుస్తున్నాయి. నాన్న పనికి పోతున్నాడు, మా పొయ్యి వెలుగుతోంది, వాగు ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా పారుతోంది.

తర్వాత నివేదిక అచ్చయి వచ్చింది. వాగుకు చివరి తరగతే ఇచ్చారు. మొదటి పేజీలో మాత్రం, ఈ వర్గీకరణ అంతా కీర్తిశేషురాలు విమల గారి కృషి అని వేశారు. పెద్ద అధికారి గదికి వెళ్లి, ఆమె ఒప్పుకోలేదు కదా, పేరు తీసేయండి అని అడిగాను. అతను నొచ్చుకున్నాడు. చనిపోయిన మనిషికి గౌరవం ఇస్తుంటే కాదంటావేమిటమ్మా అని హిందీలో మెత్తగా మందలించాడు.

పేరు అలాగే ఉంది. ఆ ఏడాదే వాగు మీద పలకలు పరిచారు. ఆఫీసులో ఆ పేజీ చదివినవాళ్లు ఇదంతా ఆమె తేల్చిందే అనుకుంటారు. కాదని ప్రతిసారీ చెబుతాను. విని, తలూపి, వెళ్లిపోతారు. మేడం నాకు పని నేర్పారు, దాంతోపాటు ఈ కోపమూ ఇచ్చి వెళ్లారు. అది తగ్గలేదు. తగ్గించుకోవాలనీ లేదు.