గుడ్ల కోసం వచ్చిన మాబ్

2013లో శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే దారిలో, నాకు జాబ్ టైపింగ్ షాపు ఉండేది. షాపు అంటే ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నేను. మేం ముగ్గురం సర్దుకున్నాక వచ్చినవాళ్ళు రోడ్డు మీదే నిలబడాలి. ఆఫీసులకు ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టడం నా పని. నా ఇంగ్లీషు చదివితే ఆఫీసుల్లో ఫ్యాన్లు ఆగిపోతాయని నా నమ్మకం. చినుకు పడిందని చెబితే తుఫాను టైపు చేసేవాణ్ణి.

ఒకరోజు సింహాచలమ్మ అనే అంగన్‌వాడీ టీచరు మెమో పట్టుకొచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. సూపర్‌వైజరు తనిఖీకి వచ్చేసరికి సెంటరు తలుపు మూసి ఉందట, బయటేమో బోలెడు జనమట. జవాబు సరిగ్గా లేకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది.

"మూడు వారాలకి గుడ్ల బండొచ్చింది బావూ. తల్లులు గిన్నెలట్టుకొచ్చినారు. లోపట పిల్లలు తొంగున్నారని తలుపేసి, కిటికీలోంచి ఇచ్చినాను. ఆల్లు గిన్నెలు వరసలో ఎట్టీసి గోడ నీడన కూకున్నారు. అంతే."

గిన్నెలు, గోడ నీడ నాకు ఇంగ్లీషుకు పనికిరాని సరుకుల్లా కనిపించాయి. వాటిని తీసేసి, 'అన్‌రూలీ మాబ్' సెంటరును చుట్టుముట్టిందనీ, ఆవిడ ప్రాణాలకు తెగించి తలుపు మూసిందనీ కొట్టాను. చదువుకుంటే నాకే ఒళ్ళు జలదరించింది. ఆవిడ నా మొహంలో గర్వం చూసి సంతకం పెట్టేసింది.

నాలుగో రోజున మళ్ళీ వచ్చింది.

"ఏటి రాసినావు బావూ? అంత మూక మీదడితే పోలీసులకెందుకు సెప్పలేదు, పేర్లు రాసియ్యి అంటన్నాడు ఆఫీసులో సారు. సోమారం దాకా టయిమిచ్చినాడు. పేర్లిస్తే మా ఊరి ఆడోల్ల మీద కేసు. ఇవ్వకపోతే నా ఉజ్జోగం పోద్ది. అందులో మా ఆడబిడ్డుంది, సంకలో పిల్లతోటి!"

కరెంటు పోయిందేమోనని పైకి చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది; నాకే గాలి ఆడడం లేదు.

దిండంత డిక్షనరీ తీశాను. అంతకుముందు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా వాడేవాణ్ణి. "మాబ్ అంటే కోపంతో మీదికొచ్చే గుంపమ్మా. మార్చేద్దాం. క్రౌడ్ అందామా? జనం కిక్కిరిసిపోవడం."

"కిక్కిరిసిపోనేదు. గిన్నెలు వరసలో ఉన్నాయని సెప్పినాను కదా."

"గ్యాదరింగ్? ఒక పని కోసం కూడుకున్నవాళ్ళు."

"ఆల్లు కూడుకున్నారంటే సారు మీటింగెట్టినారేటని అడుగుతాడు. బండొచ్చిందని ఎవుల మట్టుకు ఆల్లొచ్చినారు."

"పోనీ, పీపుల్. ఉత్త జనం."

"ఉత్త జనానికి గుడ్లెందుకిస్తాను బావూ? అదింకో మెమో!"

నా డిక్షనరీలో గుంపులన్నీ అయిపోయాయి. చేతులెత్తేశాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"తల్లులని రాయి. ఇంగిలీసులో తల్లుల్నేరా?"

ఉన్నారు. 'మదర్స్' అని టైపు చేశాను. నా సర్వీసులో అంత చిన్న పదంతో వాక్యం మొదలుపెట్టడం అదే మొదలు. తర్వాత తలుపెందుకు మూసిందో, పిల్లలు ఎక్కడ నిద్రపోతున్నారో, కిటికీ కింద ఇరవయ్యారు గిన్నెలు ఎలా బారుగా ఉన్నాయో, ఆవిడ చెప్పింది చెప్పినట్టు కొట్టాను. పాత కాగితంలో 'మాబ్' అన్న మాట టైపిస్టు తప్పిదమని కింద నేనే రాసి సంతకం చేశాను. ఆ వాక్యంలో అతిశయోక్తి లేదు.

సోమవారం సాయంత్రం సింహాచలమ్మ షాపు ముందు ఆగింది. మెమో రద్దు చేశారట. సారు కాగితం చదువుతూ గిన్నెల దగ్గరికొచ్చి, "ఇది ముందే రాయొచ్చు కదా" అన్నాడట.

"సెప్పినాను సార్, ఆయన రాయలేదు అన్నాను" అని ఆవిడ ముగించింది.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి "జనం వచ్చారు, రాయండి" అంటే కీబోర్డు మీద చెయ్యి వేయను. వాళ్ళెవరు, ఎందుకొచ్చారు, గిన్నెలు ఎక్కడ పెట్టారు అని అడుగుతాను.